గోడమీది మాస్‌కి పేరు పెట్టడం ఎలా: నెల్లూరు, ప్రకాశం వాళ్ళ కోసం

మాస్ మొక్కలు, అంటే గోడల మీద, రాళ్ళ మీద పచ్చటి మెత్తలా పెరిగే బుల్లి మొక్కలు, చూడాలంటే అరకు పోవాలి, ఊటీ పోవాలి, కనీసం తిరుమల కొండైనా ఎక్కాలి అనుకుంటారు చాలామంది. నేను ఒప్పుకోను. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి నెల్లూరు, ప్రకాశం జిల్లాలే మేలు. చల్లటి కొండల్లో ఒక్క చెట్టు బోదె మీదే పది రకాలు కలగలిసిపోయి ఉంటాయి, ఎక్కడ మొదలుపెట్టాలో అర్థం కాదు. మన దగ్గర ఒక ప్రహరీ గోడ మీద మహా అయితే రెండు మూడు రకాలుంటాయి, పైగా అవి పొద్దున మంచుకి విచ్చుకుని మధ్యాహ్నం ఎండకి ముడుచుకుపోతుంటాయి, ఆ ముడుచుకునే తీరులోనే ఏ ప్రజాతో (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు) సగం తెలిసిపోతుంది. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఒకటే పద్ధతి చుట్టూ తిరుగుతుంది: ఎండినప్పుడు ఒకసారి చూడండి, తడిపి ఇంకోసారి చూడండి, పేరు సంగతి ఆ తర్వాత.

ఎప్పుడు, ఎక్కడ

మనకి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతోనే, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తెలంగాణ వైపు ఆగస్టులో పచ్చబడే గోడలు మనకి నవంబరులో పచ్చబడతాయి. మొదటి వానలు పడగానే పోతే పచ్చదనం కనపడుతుంది గానీ అందులో చాలావరకు ఆల్గే ఉంటుంది, మిగతాది ఇంకా ఆకులు వేయని లేత మాస్. డిసెంబరు సగం నుంచి జనవరి ఆఖరు దాకా, మంచు పడే రోజుల్లో వెతకండి. అప్పటికి మొక్కలు నిండుగా ఉంటాయి, చాలా వాటికి కాడలు లేచి గుళికలు (విత్తనాల పని చేసే సిద్ధబీజాల పొడి ఉండే చిన్న తిత్తులు) కూడా వచ్చి ఉంటాయి. ఏప్రిల్లో అదే గోడ మీద గోధుమరంగు పెచ్చుల్లా కనపడతాయి, చచ్చిపోయాయనుకోకండి.

దూరం పోనక్కర్లేదు. ఇంటి వెనక ఉత్తరం వైపు గోడ, ఓవర్‌హెడ్ ట్యాంకు కారే చోటు, చేతిపంపు గట్టు, పాత మోటబావి లోపలి రాళ్ళు, కాలువ తూముల ఇటుక కట్టడం, వరిమడి గట్టు, ఇవన్నీ మంచి చోట్లే. సున్నం వేసి కట్టిన పాత గోడలు ఇంకా మంచివి, ఎందుకంటే గోడ మాస్‌లలో చాలా వాటికి సున్నం ఇష్టం. కాస్త ప్రయాణం చేయగలిగితే పెంచలకోన, ఘటిక సిద్ధేశ్వరం, భైరవకోన లాంటి కోనల్లో నీళ్ళు కారే రాళ్ళ మీద గోడల మీద దొరకనివి కనపడతాయి. సముద్రం ఒడ్డున మాత్రం టైమ్ వృథా చేసుకోకండి. ఉప్పునీళ్ళలో బతికే మాస్ అంటూ లేదు. మైపాడులో, కొత్తపట్నంలో అలలు తగిలే రాళ్ళ మీద పచ్చగా పట్టి ఉండేది ఆల్గే.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. పెంచలకోన చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ అభయారణ్యం, గిద్దలూరు పైన నల్లమల పులుల అభయారణ్యం. అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా గోరంత కూడా గీకకూడదు, చూడండి, ఫోటో తీసుకోండి, అంతే. ఉదయగిరి కోట గోడలకీ, గుడి గోడలకీ ఇదే లెక్క. మీ ఇంటి గోడ మీద అయినా రూపాయి బిళ్ళంత ముక్క చాలు, మిగతాది వదిలేయండి.

కావాల్సిన సరుకు

పదింతలు పెద్దదిగా చూపించే చేతి లెన్స్ ఒకటి, నగల పనివాళ్ళు వాడేలాంటిది. నీళ్ళు చల్లే స్ప్రే బాటిల్, చిన్న చాకు, పాత పేపర్లు, పెన్సిల్. పెన్ను వద్దు, తడికి సిరా అలుక్కుపోతుంది. ప్లాస్టిక్ కవర్లు అసలు వద్దు, మన ఉక్కకి అందులో ఒక్క రోజులో బూజు పడుతుంది.

లెన్స్ వాడటం చాలామందికి సరిగ్గా రాదు. లెన్స్‌ని కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని, మాస్ ముక్కని పైకి తెచ్చి దాని దగ్గర పెట్టాలి. దూరంగా పట్టుకుని చూస్తే ఏమీ కనపడదు. ఒక ఊళ్ళో పాత బావి గట్టు మీద వంగి చూస్తుంటే ఒక పెద్దామె వచ్చి, "ఏంది అబ్బయ్యా, ఆ పాచిలో ఏం పెట్టుకున్నావ్?" అంది. "నువ్వే చూడవ్వా" అని లెన్స్ చేతికిచ్చి ఎలా పట్టుకోవాలో చూపించాను. కాసేపు కదలకుండా చూసి, "ఆకులు! అన్నిటికీ నడిమిన ఈనె కూడా ఉందే" అంది. ఆమె చెప్పింది మామూలు సంగతి కాదు, మాస్‌ని గుర్తుపట్టడానికి అదే మొదటి గుర్తు.

ముందు అది మాసేనా?

తడిపి లెన్స్ పెడితే ఆకులు, వాటిని మోసే కాండం విడివిడిగా కనపడాలి. అవి లేకుండా ఒట్టి దారాలో, జిగురో కనపడితే అది ఆల్గే. బాత్రూం దగ్గర మనల్ని జార్చి పడేసే నల్లటి పాచిలో ఎక్కువ భాగం సయనోబాక్టీరియా. రాయికి బూడిదరంగులోనో లేత పసుపులోనో పెచ్చు కట్టి, ఎంత తడిపినా ఆకు కనపడకపోతే అది లైకెన్, శిలీంద్రం, ఆల్గే కలిసి బతికే జంట. కొండ రాళ్ళ మీద ముడుచుకుని ఉండి నీళ్ళు పోస్తే విచ్చుకునే సెలాజినెల్లాని కూడా చాలామంది మాస్ అనుకుంటారు, కానీ దానికి నిజమైన వేర్లు, నీళ్ళు మోసే నాళాలు ఉన్నాయి, అది ఫెర్న్‌ల వైపు చుట్టం.

అసలు తికమక లివర్‌వర్ట్‌లతో వస్తుంది. మాస్, లివర్‌వర్ట్, హార్న్‌వర్ట్, ఈ మూడింటినీ కలిపి బ్రయోఫైట్లు అంటాం. పాత పుస్తకాల్లో బ్రయోఫైటా అనే ఒకే విభాగం కింద ఈ మూడూ మూడు తరగతులుగా ఉండేవి. ఇప్పుడు వాటిని మూడు వేరు వేరు విభాగాలుగా చూస్తున్నారు, బ్రయోఫైటా అన్న పేరు మాస్‌లకే మిగిలింది. ప్రపంచంలో మాస్‌లు సుమారు 12,000 జాతులు, లివర్‌వర్ట్‌లు 7,000 పైచిలుకు, హార్న్‌వర్ట్‌లు 200 కి అటూ ఇటూ. డీఎన్‌ఏ పోలికల్ని బట్టి మాస్, లివర్‌వర్ట్ ఒకదానికొకటి దగ్గర, హార్న్‌వర్ట్ కాస్త దూరం.

చేతిలో పట్టుకున్నప్పుడు తేడా ఇలా పట్టుకోవాలి. కోత అయ్యాక వరిమడిలో తేమ మట్టి మీద నేలకి అంటుకుని, రెండేసి పాయలుగా చీలుతూ గుండ్రంగా పరుచుకున్న పచ్చటి బిళ్ళలు కనపడితే అది రిక్సియా, లివర్‌వర్ట్. దానికి కాండం, ఆకు అనే తేడా లేదు, గుళికలు కూడా ఆ బిళ్ళ లోపలే దాక్కుంటాయి. ఆకులున్న లివర్‌వర్ట్‌లు కూడా ఉన్నాయి, వాటి ఆకులు రెండు మూడు వరసల్లో పేర్చినట్టుంటాయి, చాలా వాటి ఆకు కొన చీలి ఉంటుంది, మధ్య ఈనె ఉండదు. మాస్ ఆకులు ఎక్కువగా కాండం చుట్టూ అన్ని వైపులా ఉంటాయి, చాలా వాటికి ఈనె ఉంటుంది, ఆకు కొన చీలదు. గుళిక దొరికితే ఇక అనుమానమే లేదు: లివర్‌వర్ట్ గుళిక కాడ తెల్లగా మెత్తగా ఉండి రెండ్రోజుల్లో వాలిపోతుంది, గుళిక ఎక్కువగా నాలుగు ముక్కలుగా పగులుతుంది. మాస్ కాడ గట్టిగా, ఎర్రగానో గోధుమరంగులోనో ఉండి వారాల తరబడి నిలబడుతుంది, గుళిక మూత తీసుకుంటుంది. హార్న్‌వర్ట్ అయితే పచ్చటి కొమ్ము ఒకటి పైకి లేచి కొన నుంచి కిందికి రెండుగా చీలుతుంది. దాని అడుగు బిళ్ళలో నల్లటి చుక్కలు కనపడితే అవి నాస్టాక్ అనే సయనోబాక్టీరియా గుంపులు, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి ఇస్తాయి.

ఆ కాడ ఎవరిది?

పేర్లలోకి పోయే ముందు దీని జీవితం కాస్త తెలియాలి, లేకపోతే ఏ భాగాన్ని ఎందుకు చూస్తున్నామో అర్థం కాదు. మనం గోడ మీద చూసే ఆకుల మొక్క సంయోగబీజదం, అంటే పురుష, స్త్రీ బీజాల్ని తయారుచేసే తరం. దాని కణాల్లో క్రోమోజోముల సెట్ ఒకటే ఉంటుంది. మామిడి, వేప లాంటి వాటిలో కంటికి కనపడే చెట్టుకి రెండు సెట్లు. ఇక్కడ తిరగబడింది. ఆ ఆకుల మొక్క కొనల్లో ఆంథరీడియంలు (పురుష అవయవాలు), ఆర్కిగోనియంలు (స్త్రీ అవయవాలు) వస్తాయి. పురుషబీజాలకి రెండు కశాభాలుంటాయి, అవి నీటి పొరలో ఈదుకుంటూ పోయి స్త్రీబీజాన్ని చేరాలి, అందుకే వాన లేనిదే పెళ్ళి లేదు. మాస్‌లలో సగానికి పైగా జాతుల్లో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు, అంత దూరం ఈదడం కష్టం. 2006 లో స్వీడన్‌లో ఒక బృందం మన గోడల మీద కూడా ఉండే బ్రయం అర్జెంటియం తోనే ప్రయోగం చేసి, స్ప్రింగ్‌టెయిల్స్, మైట్లు అనే చిన్న పురుగులు కూడా పురుషబీజాల్ని మోసుకుపోతాయని చూపించింది. పూలూ తేనెటీగలూ లేని చోట ఇలాంటి పని జరుగుతుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఫలదీకరణ అయ్యాక అమ్మ మొక్క కొనలోనే బిడ్డ మొలుస్తుంది: అడుగున పాదం, మధ్య కాడ, పైన గుళిక. ఇదంతా సిద్ధబీజదం, అంటే సిద్ధబీజాల్ని తయారుచేసే తరం, క్రోమోజోములు రెండు సెట్లు. అంటే మీరు చూసే కాడ, గుళిక ఆ పచ్చ మొక్కకి చెందిన భాగాలు కావు, దాని మీద కూర్చుని దాని తిండి తిని బతికే తర్వాతి తరం. గుళిక లేతగా ఉన్నప్పుడు దాని నెత్తి మీద పలచటి టోపీ ఒకటి ఉంటుంది, కాలిప్ట్రా అంటారు. అది మాత్రం అమ్మది, ఆర్కిగోనియం గోడ పెరిగి తెగి పైకి లేచింది. గుళికలు కోసేటప్పుడు టోపీ ఊడిపోకుండా చూసుకోండి, అది ఒక పక్క చీలిందా, గంటలా చుట్టూ దిగిందా అన్నది గుర్తుపట్టడంలో పనికొస్తుంది.

గుళికలో సిద్ధబీజాలు తయారై, మూత ఊడి, గాలికి చెదిరి, తడి చోట పడితే ముందు ఆకులు రావు. పచ్చటి దారాల వల లాంటి ప్రథమతంతువు పాకుతుంది, దాని మీద మొగ్గలు లేచి ఒక్కో మొగ్గ ఒక్కో ఆకుల మొక్క అవుతుంది. నవంబరు మొదట్లో గోడ మీద చూసిన ఆల్గే లాంటి పచ్చదనంలో ఇది కూడా ఉంటుందన్నది అందుకే. మైక్రోస్కోపు ఉంటే తేడా సులువు: ప్రథమతంతువులో కణాల మధ్య అడ్డుగోడలు చాలాచోట్ల ఏటవాలుగా ఉంటాయి. 

తడిపి చూడండి

ఇక అసలు పని. ఎండిన ముక్క ఒకటి తీసుకుని ముందు అలాగే చూడండి. ఆకులు లోపలికి చుట్టుకున్నాయా, కాండం చుట్టూ మెలి తిరిగాయా, లేక కదలకుండా కాండానికి అతుక్కుని ఉన్నాయా? రాసుకోండి. ఇప్పుడు ఒక్క చుక్క నీళ్ళు వేసి లెన్స్ తీయకుండా చూస్తూ ఉండండి.

మన గోడల మీద ఎక్కువగా కనపడేది హయోఫిలా ఇన్‌వాల్యూటా. ఎండినప్పుడు దీని ఆకు అంచులు, చాపని రెండు వైపుల నుంచీ మధ్యకి చుట్టినట్టు, లోపలికి చుట్టుకుని సన్నటి గొట్టంలా ఉంటుంది, రంగు నల్లటి గోధుమ. నీళ్ళు తగలగానే ముందు అడుగు ఆకులు కదులుతాయి, తర్వాత ఒక్కొక్కటే బయటికి వాలుతూ అంచులు విప్పుకుంటాయి, కాసేపట్లోనే చేతిలో ముదురుపచ్చ నక్షత్రాలు. ఆకు నాలుక ఆకారంలో ఉంటుంది, ఈనె కొన దాకా పోతుంది, కొన దగ్గర అంచు మీద చిన్న పళ్ళు కనపడతాయి. ఇలా ముడుచుకుని విచ్చుకోవడానికి కారణం దాని ఆకు నిర్మాణం. ఈనె దగ్గర తప్ప ఆకు మందం ఎక్కువగా ఒకే ఒక్క కణం. పైన మైనం పూత దాదాపు లేదు. వేర్లు లేవు, ఉన్నవి పట్టుకోవడానికి పనికొచ్చే మూలతంతువులు. నీళ్ళని ఆకు ఒంటితోనే తాగుతుంది, ఎండ వస్తే ఆపుకోలేక అంతా వదిలేస్తుంది. ఎండిపోయే ముందు కణాల్లో చక్కెర నిలవ ఉంచుకుంటుంది, తడి తగలగానే చెడిన పొరల్ని బాగుచేసుకుని మళ్ళీ కిరణజన్య సంయోగక్రియ మొదలుపెడుతుంది. ఈ విషయంలో ఎక్కువగా పరిశోధన జరిగిన సింట్రికియా రూరాలిస్ కూడా మన హయోఫిలా కుటుంబమే, పోటియేసి.

అదే కుటుంబంలో బార్బులా కూడా గోడల మీద ఉంటుంది. ఎండితే దాని ఆకులు గొట్టంలా చుట్టుకోవు, కాండం చుట్టూ మెలి తిరుగుతాయి. తడిపాక రెండూ దగ్గర దగ్గరగా కనపడతాయి, అందుకే ఎండిన ముక్కని ముందు చూడమన్నది.

సిమెంటు మెట్ల పగుళ్ళలో, ట్యాంకు కింద, బస్టాండు ఫుట్‌పాత్ అంచుల్లో వెండి రంగులో బొద్దుగా, దట్టంగా ఉండే మెత్త కనపడితే అది బ్రయం అర్జెంటియం. తడిపినా ఆకులు విచ్చుకోవు, ఒకదాని మీద ఒకటి కప్పుకునే ఉంటాయి. లెన్స్‌తో చూస్తే ఆకు కింది సగం పచ్చగా, పై సగం గాజులా తెల్లగా ఉంటుంది, అక్కడి కణాల్లో పత్రహరితం లేదు, వెండి రంగు దాని వల్లే. ఇది అంటార్కిటికాతో సహా అన్ని ఖండాల్లోనూ ఉంది. ఎర్రటి కాడ చివర గుళిక కిందికి వేలాడుతుంది. వెండి రంగు లేకుండా పచ్చగా ఉండి, గుళిక పొట్టిగా ముదురు ఎరుపుతో వేలాడుతూ దాని మెడ ఉబ్బి ఉంటే బ్రయం కరోనేటం అని అనుమానించొచ్చు.

కాలువ గట్టు తేమ మట్టి మీద, బావి రాళ్ళ మీద ఆకులు అన్ని వైపులా కాకుండా రెండే వరసల్లో చదునుగా, చిన్న ఫెర్న్ ఆకులా కనపడితే ఫిస్సిడెన్స్, ఇది ప్రపంచంలో 400 కి పైగా జాతులున్న పెద్ద ప్రజాతి. నమ్మకం కుదరకపోతే ఒక్క ఆకు తీసి చూడండి. కింది భాగంలో ఆకు రెండు పొరలుగా విడి కాండాన్ని సంచిలా పట్టుకుని ఉంటుంది. ఇలాంటి ఆకు ఇంకే మాస్‌కీ లేదు, కాబట్టి ఇది దొరికితే పేరు రాసేయండి. వరిమడి దగ్గర తడి మట్టి మీద పొట్టి మొక్కలు, గుండ్రటి గుళికలు, మూత ఊడాక గిన్నెలా నోరు తెరిచి లోపల పళ్ళేమీ లేకపోతే ఫిస్కోమిట్రియం వైపు చూడండి.

చెట్ల మీద వేరే లోకం. తాటి, కొబ్బరి బోదెల మీద తెల్లటి పచ్చగా, కాస్త మందంగా, తేలిగ్గా విరిగిపోయే ఆకులతో కనపడేది ఆక్టోబ్లెఫారం ఆల్బిడం. దీని ఆకులో తెల్లటి ఖాళీ కణాలు పొరలు పొరలుగా ఉండి మధ్యలో పచ్చ కణాలు ఇరుక్కుని ఉంటాయి. కాలింపెరిస్ కూడా బెరడు మీదే ఉంటుంది, కొన్ని ఆకుల కొనలో పచ్చటి పొడి లాంటి కుచ్చు కనపడుతుంది, అవి జెమ్మాలు, రాలి పడిన ప్రతిదీ కొత్త మొక్క కాగలదు. మామిడి బెరడుకి పూర్తిగా అంటుకుపోయి, ఈనె లేని చిన్న ఆకులతో పాకేది ఎర్పోడియం కావచ్చు, దానిలో ఒక జాతి పేరే ఎర్పోడియం మాంజిఫెరే.

గూడూరు, సైదాపురం వైపు వెతికేవాళ్ళకి ఒక మాట: మాస్ అడుగున మట్టిలో అభ్రకం రేకులు తళుక్కుమంటుంటాయి, అవి ఆకుల మీద అతుక్కుంటే వెండి మాస్ అని పొరబడే అవకాశం ఉంది, నీళ్ళతో ఒకసారి కడిగి చూడండి.

పుస్తకంలో చదువుకున్న ఫ్యునేరియా కనపడలేదని మాత్రం టెన్షన్ పడొద్దు. అది చల్లటి కొండల్లో, నిప్పు పెట్టి చల్లారిన నేలల్లో ఎక్కువ. స్పాగ్నమ్ కూడా అంతే, నర్సరీలో ఆర్కిడ్‌ల కోసం అమ్మేది చల్లటి బురద నేలల నుంచి వస్తుంది, మన గోడల మీద దొరకదు.

గుళిక నోట్లోకి చూడండి

వర్గీకరణలో నాకు చాలా ఇష్టమైన భాగం ఇది. మూత ఊడిన గుళిక నోటి చుట్టూ సన్నటి పళ్ళ వరస ఉంటుంది, పెరిస్టోమ్ అంటారు. పాలిట్రైకం వర్గంలో ఆ పళ్ళు మొత్తం కణాలతో తయారవుతాయి, సాధారణంగా 32 లేక 64 ఉంటాయి. టెట్రాఫిస్ అనే మాస్‌లో నాలుగే. మాస్‌లలో దాదాపు 95 శాతం జాతులున్న బ్రయాప్సిడా తరగతిలో పళ్ళు మొత్తం కణాలు కావు, పక్కపక్క కణాల గోడల ముక్కలు మాత్రమే మిగిలి పళ్ళయ్యాయి, అందుకే లెన్స్ కింద అడ్డగీతలు కనపడతాయి. ఈ తరగతిలో మళ్ళీ రెండు దారులు. ఒక వరస పళ్ళున్న డిక్రానిడే వైపు పోటియేసి, ఫిస్సిడెన్స్, కాలింపెరిస్ అన్నీ వస్తాయి. బయట ఒకటి, లోపల ఒకటి, రెండు వరసలున్న వాటిలో బ్రయం వస్తుంది. ఫిస్సిడెన్స్ గుళికలో 16 ఎర్రటి పళ్ళు, ఒక్కొక్కటి రెండుగా చీలి ఉంటుంది. ఆక్టోబ్లెఫారంలో ఎనిమిదే. హయోఫిలాకి అసలు పళ్ళే లేవు, పూర్వం ఉండి పోయాయి, దాన్ని కుటుంబంలో చేర్చింది ఆకు కణాల్ని, డీఎన్‌ఏనీ చూసి. కాబట్టి పళ్ళు లేకపోవడం చూసి రెండు మాస్‌లు చుట్టాలని తేల్చేయకండి, ఫిస్కోమిట్రియంకీ పళ్ళు లేవు, హయోఫిలాకీ లేవు, అవి రెండూ వేర్వేరు దారుల్లో వాటిని పోగొట్టుకున్నాయి.

బ్రయం గుళిక ఒకటి ఎండినది దొరికితే మూత ఊడిందో లేదో చూసి, లెన్స్ పెట్టి, మెల్లగా నోటితో ఆవిరి ఊదండి. పళ్ళు కదులుతాయి. తడి గాలికి ముడుచుకుని, ఆరగానే మళ్ళీ తెరుచుకుంటాయి, సిద్ధబీజాలు పొడి గాలిలో మాత్రమే బయటపడేలా. పిల్లలకి ఇది చూపించండి, పదే పదే ఊదుతూనే ఉంటారు.

గుళికలు లేకపోతే మైక్రోస్కోపే దిక్కు. ఆకుల్ని కాండం మీంచి కిందికి లాగి చుక్క నీళ్ళలో పెట్టి కవర్‌స్లిప్ వేయండి, మన వేడికి చుక్క ఆరిపోతుంటే కాస్త గ్లిజరిన్ కలపండి. కణాలు చిన్నగా, చతురస్రాల్లా, పచ్చదనంతో కిక్కిరిసి ఉంటే పోటియేసి. పొడుగ్గా, పలచగా, అవతలికి కనపడేలా ఉంటే బ్రయం. ఆకు అడుగున పెద్ద పెద్ద ఖాళీ కణాల గూడు కనపడితే కాలింపెరిస్. ఇంకొకటి, గుళిక మెడ దగ్గర పొర ఒలిచి చూడండి, చాలా మాస్‌లకి అక్కడ పత్రరంధ్రాలుంటాయి. లివర్‌వర్ట్‌లకి ఒక్కటీ ఉండదు.

పేరు రాసే పద్ధతి

హయోఫిలాని పూర్తిగా రాస్తే ఇలా: విభాగం బ్రయోఫైటా, తరగతి బ్రయాప్సిడా, ఉపతరగతి డిక్రానిడే, క్రమం పోటియేల్స్, కుటుంబం పోటియేసి, ప్రజాతి హయోఫిలా, జాతి ఇన్‌వాల్యూటా. పేరు వెనక కర్తల పేర్లు కనపడతాయి. హయోఫిలాకి బ్రాకెట్లో హుకర్, బయట యేగర్ అని ఉంటుంది, అంటే హుకర్ దీన్ని మొదట వేరే ప్రజాతిలో పెట్టి పేరు పెట్టాడు, యేగర్ తర్వాత హయోఫిలాలోకి మార్చాడు. బ్రయం అర్జెంటియం వెనక హెడ్విగ్ ఉంటాడు. ఈ యోహాన్ హెడ్విగ్ జర్మనీలో వైద్యుడు, మాస్‌ల పురుష, స్త్రీ అవయవాల్ని మైక్రోస్కోపుతో తేల్చినవాడు. 1799 లో చనిపోయాడు, ఆయన మాస్‌ల గ్రంథం 1801 లో అచ్చయింది. మిగతా మొక్కల పేర్లకి లెక్క లినేయస్ 1753 నుంచి మొదలైతే, స్పాగ్నమ్ కుటుంబం తప్ప మిగతా మాస్‌ల పేర్లకి లెక్క 1801 నుంచే. మన దేశంలో ఈ చదువుకి పునాది వేసింది లాహోర్‌లో పనిచేసిన శివరామ్ కశ్యప్, ఆయన పని ఎక్కువగా లివర్‌వర్ట్‌ల మీద.

పెంచి చూడాలంటే, గుళికలోంచి కాస్త పొడి తీసి, మరిగించి చల్లార్చిన ఇటుక ముక్క మీద చల్లి, పళ్ళెంలో వాన నీళ్ళు పోసి, పైన గాజు గిన్నె బోర్లించి, ఎండ తగలని కిటికీలో పెట్టండి. బోరు నీళ్ళు మాత్రం వద్దు. మన దగ్గర, ముఖ్యంగా కనిగిరి వైపు, బోరు నీళ్ళలో లవణాలు ఎక్కువ, ఇటుక మీద తెల్లగా పేరుకుని లేత దారాల్ని చంపేస్తాయి. వారాలు పడుతుంది, ఓపిక పట్టండి.

మాస్ వల్ల గోడ పాడవుతుందా అని అందరూ అడుగుతారు. మూలతంతువులు గోడలోంచి ఏమీ పీల్చవు. అది తేమని పట్టి ఉంచుతుంది, నిజమే, కానీ అసలు తప్పు కారే పైపుది. పైపు బాగుచేయిస్తే మాస్ దానంతట అదే ఎండుతుంది.

దాచుకోవడం

ప్రెస్ అక్కర్లేదు. నీడలో పేపరు మీద ఆరబెట్టి పొట్లం కట్టండి. ఏ4 కాగితం నిలువుగా పెట్టి, కింది అంచుని పైకి మడిచి పైన రెండంగుళాలు వదలండి, ఇప్పుడు రెండు పక్కల్నీ ఒక్కో అంగుళం వెనక్కి మడవండి, చివరికి పైన వదిలిన భాగాన్ని కిందికి మూయండి. మీద పెన్సిల్‌తో ఊరు, మండలం, తేదీ, దేని మీద పెరిగింది, ఎండా నీడా అన్నీ రాయండి. "గోడ" అని రాస్తే చాలదు, సున్నం గోడా, సిమెంటు గోడా, ఇటుకా రాయాలి, ఎందుకంటే జాతి తేల్చేటప్పుడు ఎక్కువగా అడిగేది అదే. ఇలా దాచిన ముక్క ఏళ్ళ తరబడి ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు వేడినీళ్ళ చుక్క వేస్తే మళ్ళీ ఆకారం వస్తుంది.

లెన్స్‌తో ప్రజాతి దాకా రావచ్చు. జాతి దాకా పోవాలంటే చాలాసార్లు మైక్రోస్కోపూ, పోల్చడానికి పాత నమూనాలూ కావాలి. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా హెర్బేరియంలలోనూ, లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థలోనూ మాస్ నమూనాలున్నాయి, దగ్గర్లోని డిగ్రీ కాలేజీ బోటనీ లెక్చరర్ ద్వారా అడిగించడం తేలిక. పంపే ముందు పొట్లం విప్పి ఒకసారి చూడండి, ఒకే ముక్కలో రెండు జాతులు కలిసిపోయి ఉండటం చాలా మామూలు. ఉంటే విడదీసి, వేరే పొట్లం కట్టి, రెండింటి మీదా ఒకే ఊరు, ఒకే తేదీ రాసి, వేర్వేరు నంబర్లు వేయండి.